ఆటలో అరటిపండు

తెలుగు పిల్లల ఆటల్లో ఒక పదవి ఉంది. దానికి ఎవరూ పోటీ పడరు. జట్లు పంచుకుంటున్నప్పుడు అక్క కొంగు పట్టుకుని వచ్చిన చిన్న తమ్ముడో, గట్టిగా పరిగెత్తలేని పిల్లో మిగిలిపోతే, ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "వీడు ఆటలో అరటిపండు." అరటిపండు మిగతావాళ్ళతో పాటే పరిగెడతాడు, అరుస్తాడు. కానీ వాణ్ణి ముట్టుకుంటే వాడు ఔట్ కాడు. వాడు ఎవరినైనా ముట్టుకున్నా లెక్కలోకి రాదు. ఆటలో ఉన్నాడు, ఆట లెక్కలో లేడు.

అందులో దయ లేకపోలేదు. "నువ్వు ఇంటికి పో" అనకుండా వాణ్ణి ఆటలో ఉండనిచ్చారు కదా. కానీ చిన్న తమ్ముడు రెండేళ్ళలో పెద్దవాడై ఆ పదవికి రాజీనామా చేస్తాడు. నడుముకింద బలం లేని పిల్లకి, చూపు లేని పిల్లాడికి, గట్టి శబ్దం వింటే చెవులు మూసుకుని మూల కూర్చునే పిల్లాడికి మాత్రం అది జీవితకాలపు నియామకం.

ఇన్‌క్లూజివ్ ప్లేగ్రౌండ్ అన్న మాట ఈ మధ్య మన నగరాల్లో వినబడుతోంది. అందరు పిల్లలూ కలిసి ఆడుకునేలా కట్టిన ఆటస్థలం అని అర్థం. దాని గురించి చదివినప్పుడల్లా నాకు ఈ అరటిపండే గుర్తొస్తుంది. ఇంకో సంగతి కూడా తోస్తుంది. అరటిపండు హోదా కొందరు పిల్లలకే కాదు, పిల్లలు ఆడుకునే నేలకు కూడా చాలాకాలం అదే హోదా. ఊళ్ళో ఉంటుంది, ఊరి లెక్కలో ఉండదు. ఈ రెండు కథలనూ కలిపి చదవడానికి కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డుకంటే మంచి చోటు నాకు తెలియదు.

* * *

ముందు నేల సంగతి.

పోరంబోకు అన్న మాట మనకి తిట్టుగా బాగా తెలుసు. అసలు అది రెవెన్యూ మాట. తమిళం వైపు నుంచి వచ్చింది. పన్ను లెక్కకు బయట ఉన్నది అని అర్థం చెబుతారు. నిజాం రాజ్యంలో ఇలాంటిదే ఇంకో మాట ఉండేది: ఖారిజ్ ఖాతా. ఖాతాలోంచి తీసేసినది అని. పశువుల మేతకు వదిలిన దాన్ని గైరాన్ అనీ బంచరాయి అనీ అనేవాళ్ళు. తెలంగాణ పల్లెల్లో ఈ మాటలు ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. భాష వేరైనా పోరంబోకు, ఖారిజ్ ఖాతా చెప్పేది ఒకటే: శిస్తు రాని నేల లెక్క బయటి నేల.

పిల్లలు ఆడుకున్నది ఎక్కువగా ఆ లెక్క బయటి నేల మీదే. కోత అయిపోయిన మడి, నూర్పిళ్ళు అయిపోయిన కళ్ళం, నీళ్ళు తగ్గిన చెరువు శిఖం, గుడి ముందు ఖాళీ జాగా. చిర్రగోనెకి ఏ కొలతలూ అక్కర్లేదు. కబడ్డీకి కాలితో గీత గీస్తే చాలు. ఆటస్థలం అని పేరు పెట్టిన చోటు ఊళ్ళో లేదు. ఆట మొదలైన చోటే ఆటస్థలం.

ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. సురభి వంశం వాళ్ళు ఏలారు. ఈ చుట్టుపక్కలే గద్వాల, వనపర్తి, గోపాలపేట, అమరచింత సంస్థానాలు ఉండేవి. వీళ్ళంతా నిజాంకి కప్పం కడుతూ తమ గడుల్లో తాము రాజులుగా బతికినవాళ్ళు. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక ఈ సంస్థానాలు పోయాయి, భవనాలు మిగిలాయి. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ అయింది. 1959లో నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ వచ్చింది. రైతుల పిల్లలు రాజుగారి గుమ్మంలోంచి పుస్తకాలు పట్టుకుని నడిచారు. గోడ లోపలి నేల ప్రజల లెక్కలోకి రావడం అంటే అది. గోడ బయటి నేల, అంటే పిల్లలు అంతకుముందు నుంచీ ఆడుతున్న నేల, ఎప్పట్లాగే ఖాతా బయటే ఉండిపోయింది.

ఆ పాత బయలు అందరిదీ అని ఇప్పుడు మనం అనుకోవడంలో కొంత తీపి ఉంది. అది అందరిదీ కాదు. మాల మాదిగ వాడల పిల్లలు ఏ గుడి ముందు ఆడకూడదో ఊరికి తెలుసు. కొంచెం ఎదిగిన ఆడపిల్లలకు ఆ బయలు బతుకమ్మ రోజుల్లో తప్ప పెద్దగా దొరికేది కాదు. పోలియో వచ్చి కాలు సన్నబడ్డ పిల్లాడు అరుగు మీద కూర్చుని చూసేవాడు. కంచె లేదు, గేటు లేదు, టికెట్ లేదు. అయినా ఎవరు లోపల, ఎవరు బయట అన్నది అందరికీ తెలుసు. కాబట్టి పాత బయలును వెనక్కి తెచ్చుకుంటే చాలు అన్న వాదన నాకు ఎక్కదు.

* * *

లెక్కలో లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కృష్ణ నీళ్ళ కింద ఉంది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల మొదటికల్లా జలాశయం నిండటం మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. కొల్లాపూర్ పట్నం మునగలేదు కానీ, దాని చుట్టూ కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళు మునిగాయి: జటప్రోలు, సోమశిల, మంచాలకట్ట, ఇంకా ఎన్నో. 1981లో ఖాళీ చెయ్యని ఊళ్ళలో ఇళ్ళను కూల్చి మరీ జనాన్ని పంపించిన చరిత్ర ఈ ప్రాంతానిది.

గుళ్ళ విషయంలో మాత్రం ప్రభుత్వం ఎంతో శ్రద్ధ చూపించింది. రాయి రాయికీ నంబరు వేసి, విడదీసి, తీసుకెళ్ళి, ఇంకో చోట అదే వరసలో పేర్చారు. కూడలి సంగమేశ్వరాలయం ఆలంపురానికి వచ్చింది. మంచాలకట్టలో ఉన్న మాధవస్వామి గుడి కొల్లాపూర్‌కు వచ్చింది. ఇప్పుడు కొల్లాపూర్ వెళ్ళినవాళ్ళు ఆ గుడి గోడల మీది శిల్పాలు చూసి ఫొటోలు తీసుకుంటారు. అది జరగాల్సిన పనే. కాకపోతే ఆ గుడి ముందు ఉండిన జాగాకు ఎవరూ నంబరు వెయ్యలేదు.

దీనికి కారణం అధికారుల నిర్దయ ఒక్కటే కాదు, చట్టం పనిచేసే తీరు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం కంటికి కనిపించేది హక్కుదారు. ఇంటికి హక్కుదారు ఉన్నాడు, పొలానికి పట్టాదారు ఉన్నాడు. పట్టా లేని కౌలుదారుకు, కూలివాడికి దక్కింది నామమాత్రం. ఇక ఎవరి పేరునా లేని బంచరాయికి, కళ్ళానికి, చెరువు శిఖానికి నష్టపరిహారం అడగడానికి మనిషే లేడు. అది ప్రభుత్వ భూమే. ప్రభుత్వం తన భూమికి తాను డబ్బు చెల్లించుకోదు. ఊరు పోయింది, ఇళ్ళకు అంతో ఇంతో డబ్బు వచ్చింది, ఆట మాత్రం చప్పుడు లేకుండా పోయింది.

నేను రోజూ చేసే పనిలో ఇది బాగా తెలిసిన సంగతే. డేటాబేస్‌లో కాలమ్ లేనిది రిపోర్టులో రాదు. రిపోర్టులో రానిదానికి బడ్జెట్ రాదు. అది లేదని ఎవరూ అనరు. ఉందని ఎవరికీ తెలియదు, అంతే.

ఆ కాలమ్ రావడానికి ముప్ఫై ఏళ్ళకు పైనే పట్టింది. 1894 చట్టాన్ని రద్దు చేస్తూ 2013లో కొత్త భూసేకరణ, పునరావాస చట్టం వచ్చింది. దాని మూడో షెడ్యూలులో, నిర్వాసితుల కోసం కట్టే కొత్త ఊరికి ఏమేం ఉండాలో ఒక జాబితా ఉంది. రోడ్లు, మంచినీళ్ళు, మేత భూమి, శ్మశానం, అంగన్‌వాడీ, బడి, ఆరోగ్య కేంద్రం. వాటి మధ్యలో ఒక చిన్న పద్దు: పిల్లల ఆటస్థలం. కృష్ణ ఒడ్డున మునిగిన ఊళ్ళకు అది అందలేదు. అయినా ఆ పద్దు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఊరంటే ఇళ్ళు, పొలాలే కాదని, ఆడుకునే చోటు పోవడం కూడా పోగొట్టుకోవడమేనని ఈ దేశపు భూసేకరణ చట్టం ఒప్పుకున్న చోటు అది.

* * *

లెక్కలోకి రావడం మంచిదే. అయితే లెక్కలోకి వచ్చేది ఎప్పుడూ ఒక జాబితా రూపంలో వస్తుంది. ఆ జాబితా రాసినవాడి మనసులో ఏ పిల్ల ఉందో ఆ పిల్లకే ఆటస్థలం తయారవుతుంది. పార్కుల్లో మనం చూసే ఊయల, జారుడుబల్ల, ఇనప కమ్మీల నిచ్చెన ఒక జట్టుగా ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే ఇది తెలుస్తుంది.

చార్లెస్ విక్‌స్టీడ్ అని ఇంగ్లండులో ఒక ఇంజనీరు. కెటరింగ్ అనే పట్నంలో ఫ్యాక్టరీ నడిపేవాడు. 1921లో పిల్లల కోసం ఒక పెద్ద పార్కు తెరిచాడు. ఫ్యాక్టరీలో ఉన్న పైపులతో, చెక్కలతో ఊయలలు, జారుడుబల్లలు చేయించి పెట్టాడు. జనం విరగబడ్డారు. ఆ సామాను తయారుచెయ్యడమే తర్వాత అతని కంపెనీ వ్యాపారం అయింది. అంతకుముందు పార్కులంటే పూలు, బెంచీలు, "గడ్డి తొక్కరాదు" అన్న బోర్డులు. పిల్లల గోలకు చోటిచ్చిన విక్‌స్టీడ్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇనప సామాను నిచ్చెన ఎక్కగలిగిన పిల్లను, తాడు పట్టుకోగలిగిన చేతిని, ఒంటిని తనే నిలబెట్టుకోగలిగిన నడుమును ముందే ఊహించుకుని తయారవుతుంది. ఆ ఊహలో లేని పిల్ల చూస్తూ నిలబడాల్సిందే.

ఇంకో దారి కూడా అదే దేశంలో పుట్టింది. మార్జరీ అలెన్ అనే ఉద్యానశిల్పి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక డెన్మార్క్‌లో ఎమ్‌డ్రప్ అనే చోట ఒక వింత ఆటస్థలం చూసింది. అక్కడ ఇనప సామాను లేదు. చెక్కలు, తాళ్ళు, పనిముట్లు, మట్టి. పిల్లలు తామే కట్టుకుంటారు, తామే కూల్చుకుంటారు. ఆమె ఆ ఆలోచనను బాంబులు పడిన లండన్ ఖాళీ స్థలాలకు తెచ్చింది. 1970లో లండన్‌లోని చెల్సీలో వైకల్యం ఉన్న పిల్లల కోసమే అలాంటి సాహస ఆటస్థలం ఒకటి తెరిపించింది. పిల్లలకు, అందులో వైకల్యం ఉన్న పిల్లలకు, మట్టి పూసుకునే హక్కు, ఎత్తు ఎక్కే హక్కు, కొంచెం దెబ్బ తగిలించుకునే హక్కు కూడా ఉన్నాయన్నది ఆమె పట్టుదల. ఇది చిన్న మాట కాదు. మన ఇళ్ళలో అలాంటి పిల్లను "పడిపోతావమ్మా" అని ఎంత ప్రేమగా ఆటలోంచి తప్పిస్తామో తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

* * *

ఇప్పుడు మన జాబితా.

2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు, తెలంగాణ ప్రభుత్వం గ్రామ గ్రామాన క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. ఎకరం అటూ ఇటూ జాగా, ఉపాధి హామీ పనులతో చదును, చుట్టూ మొక్కలు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్ జంప్ గుంత, వ్యాయామానికి ఇనప బార్లు. ముందు కమాను లాంటి పెద్ద బోర్డు: తెలంగాణ క్రీడా ప్రాంగణం. కొన్ని ఊళ్ళలో సాయంత్రం వాలీబాల్ ఆడేవాళ్ళతో నిండాయి. ఇంకొన్ని చోట్ల ఊరికి దూరంగా దొరికిన చోట పెట్టడంతో బోర్డు మిగిలి పిచ్చిమొక్కలు పెరిగాయని పత్రికల్లో వచ్చింది. లోపాలు ఎన్నున్నా, ఖారిజ్ ఖాతా నేల మొదటిసారి ఆటస్థలం అన్న పేరుతో ఊరి రికార్డులోకి వచ్చింది. నీళ్ళ కింద ఉన్న ఊళ్ళకు దక్కనిది ఇదే.

కానీ ఆ సామాను జాబితా మళ్ళీ చదవండి. అందులో ప్రతి ఆటకీ రెండు కాళ్ళూ కావాలి.

ఇక్కడ తేదీల సంగతి ఒకటుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద నియమాలు 2017 జూన్ 15న వెలువడ్డాయి. జనం వాడే ప్రతి పాత భవనాన్నీ నియమాలు వచ్చిన ఐదేళ్ళలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని చట్టం 45వ సెక్షన్. జనం వాడే భవనం అన్న నిర్వచనంలో వినోదానికి వాడేవీ ఉన్నాయి. ఆ ఐదేళ్ళూ నిండింది 2022 జూన్ మధ్యలో. అంటే పాతవాటిని సరిచెయ్యడానికి ఇచ్చిన గడువు ముగుస్తున్న నెలలోనే కొత్తవి మొదలయ్యాయి. ఆటల ప్రాంగణాలను వైకల్యం ఉన్నవాళ్ళకు పనికొచ్చేలా మార్చాలని అదే చట్టంలో 30వ సెక్షన్ ఉంది. రెండు కాగితాలూ ఒకే దేశంలో, ఒకే నెలలో ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి చూసుకున్నట్టు లేదు.

బడి విషయంలోనూ అంతే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడి భవనానికి ఏమేం ఉండాలో రాశారు. అందులో అడ్డంకులు లేని దారి ఒక పద్దు, ఆటస్థలం ఇంకో పద్దు. అడ్డంకులు లేని దారిని మన బళ్ళు వరండాకు ఒక సిమెంటు ర్యాంపుగా అర్థం చేసుకున్నాయి. ఆ ర్యాంపు తరగతి గది దాకా వెళుతుంది. ఆటస్థలం దాకా వెళ్ళదు. రెండు పద్దులూ వేరువేరుగా నెరవేరాయి, మధ్యలో ఇరవై గజాల ఇసక మిగిలింది.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఈ జబ్బు పేరు చెప్పింది. వికలాంగుల హక్కుల నియమాల్లోని 15వ నియమం ప్రమాణాలను తప్పనిసరి చెయ్యాల్సింది పోయి సిఫార్సు స్థాయిలో ఉంచిందని దాన్ని కొట్టేసి, తప్పనిసరి నియమాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. సిఫార్సు అంటే ఏమిటో మనకు తెలుసు. అది చట్టంలో అరటిపండు. ఉంటుంది, లెక్కలోకి రాదు.

* * *

పాలమూరు వైపు మా మిత్రుడొకడికి తొమ్మిదేళ్ళ కూతురు. సెరిబ్రల్ పాల్సీ. మాట కొంచెం తడబడుతుంది, బుర్ర చురుకు. వాళ్ళ వీధి పిల్లలు ఆ అమ్మాయిని వదిలేసి వెళ్ళరు. చక్రాల కుర్చీని తోసుకుంటూ ఆడే చోటికి తీసుకెళ్ళి స్కోరు చెప్పే పని ఇస్తారు. పోయిన వేసవిలో నేను అక్కడ ఉండగా ఒకరోజు స్కోరు చెప్పనని మొండికేసింది. ఏమైంది బిడ్డా అని వాళ్ళ నాయన అడిగితే, "నన్ను గూడ ఔట్ జెయ్యమను నాయనా" అంది.

ఇన్‌క్లూజివ్ అన్న మాటకు నేను చదివిన నిర్వచనాలన్నిటికంటే అది సూటిగా ఉంది. లోపలికి రానివ్వడం ఒక మెట్టు. ఓడిపోగలిగేలా ఆడనివ్వడం దాని తర్వాతి మెట్టు.

బెంగళూరులో కిలికిలి అని తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సంస్థ ఒకటి ఈ పనే చేస్తూ వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలకు విడిగా పార్కు కట్టమని అడగలేదు వాళ్ళు. ఉన్న కార్పొరేషన్ పార్కుల్లోనే అందరూ ఆడేలా మార్పులు చేయించారు. కోల్స్ పార్కుతో మొదలైంది. మన వైపు విశాఖ బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ నిధులతో ఆల్ ఏబుల్డ్ పార్కు కట్టారు. ఇవన్నీ పెద్ద నగరాలు. కొల్లాపూర్ 2018లో మునిసిపాలిటీ అయిన చిన్న పట్నం. ఇక్కడికి ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు.

నిజానికి చాలావరకు డబ్బు పని కాదు, ముందే ఆలోచించే పని. పశువులూ మోటార్ సైకిళ్ళూ రాకుండా పార్కు గేటు దగ్గర వంకర కమ్మీలు పెడతారు. చక్రాల కుర్చీని ఆపేది మొదట అవే. పక్కన తాళం లేని వెడల్పు గేటు ఒకటి చాలు. గేటు నుంచి కోర్టు దాకా గట్టి నేలతో నాలుగడుగుల దారి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మన దగ్గర కట్టే చాలా ర్యాంపులు దానికి సగం కూడా ఉండవు, మనిషి దిగలేక జారతాడు. వీపుకి ఆనుకునే ఊయల ఒకటి. నడుమెత్తు గట్టు మీద ఇసక తొట్టి, కుర్చీలోంచే చెయ్యి పెట్టి ఆడుకునేలా. శబ్దం పడని పిల్లలకు ఒక నిశ్శబ్దపు మూల. ఏప్రిల్ ఎండలో ఇనప జారుడుబల్ల పెనంలా కాలుతుంది, అది ఏ పిల్లకైనా ఒకటే. మామిడికి పేరుపడ్డ కొల్లాపూర్‌లో నీడకు చెట్టు వెతుక్కోనక్కర్లేదు.

ఆటలు కూడా రాతిమీద చెక్కినవి కావు. కబడ్డీ మొత్తం కూత మీద నడుస్తుంది. చూపు లేని పిల్లలకు దాన్ని శబ్దపు ఆటగా మలచడం ఊహకు అందనిదేం కాదు. అంధుల క్రికెట్‌లో బంతి గలగలలాడుతుంది, ఆటగాడు చెవితో చూస్తాడు. ఆ ఆటలో భారత జట్టుకు నాయకత్వం వహించిన అజయ్ కుమార్ రెడ్డి గుంటూరు జిల్లావాడు.

పాలమూరు అంటే వలస. ఇల్లు తాళం వేసి పుణెకో ముంబయికో పోయే కుటుంబాలున్న చోట ఆటస్థలం ఒక సోకు కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ వలసపోయిన ఇంట్లో మిగిలేది ఎవరు? ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు, పని చెయ్యలేరని లెక్కవేసిన వైకల్యం ఉన్నవాళ్ళు. ఊళ్ళో ఒక నీడ, ఒక నడవగలిగే దారి, కూర్చోగలిగే గట్టు అందరికంటే ఎక్కువ అవసరమైనది వాళ్ళకే. వరంగల్ వైపు కల్లెడలో కూలి కుటుంబంలో పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె మేధోవైకల్యం ఉన్నవాళ్ళ విభాగంలో పరిగెత్తింది. పతకం వచ్చాక అందరం లెక్కలో వేసుకున్నాం. పతకం తేని పిల్లలే ఎక్కువమంది ఉంటారు. వాళ్ళకు కావాల్సింది సాయంత్రం ఐదింటికి ఆడుకోవడానికి ఒక చోటు.

కొల్లాపూర్ ప్రాంతంలో మళ్ళీ నీళ్ళ పనులు జరుగుతున్నాయి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల మొదటి పంపుహౌస్ ఈ మండలంలోనే ఉంది. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో దాన్ని ప్రారంభించారు. జలాశయాలు కట్టిన చోట ఊళ్ళు జరుగుతాయి, కొత్త కాలనీలు లేస్తాయి, కొత్త వార్డులకు పార్కులు మంజూరవుతాయి. ప్రతిదానికీ ముందు ఒక ఎస్టిమేట్ తయారవుతుంది. జూనియర్ ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, సామాను జాబితా యథాతథంగా దించేస్తాడు. మేమూ అలాగే చేస్తాం, ఆయన్ని తప్పు పట్టలేను. అందుకే ఆ పాత ఫైలులోనే రెండు పద్దులు చేరాలి: గేటు నుంచి కోర్టు దాకా గట్టి దారి, వీపున్న ఊయల. ఒక్కసారి చేరితే తర్వాత వచ్చే ప్రతి పార్కులోకీ అవి వాటంతట అవే వస్తాయి. వార్డు సభలో, గ్రామసభలో అడగాల్సింది ఆ రెండు పద్దులే.